అప్పగింపదగిన పని, అప్పగింపరాని బాధ్యత

మన వర్తకమునకు పెట్టుబడి కొఱతకంటె పెద్దదగు కొఱత యొకటి కలదు. యజమాని తన పనిని పరులకు అప్పగించు విధము నెఱుగకుండుటయే యది. ఇనుపపెట్టె తాళము ఆయనయొద్దనే యుండును. చెక్కుపై చేవ్రాలు ఆయనదే, సరకు వెల నిర్ణయించుటయు ఆయనదే. ఆయన జ్వరపడిన దినమున అంగడియు జ్వరపడును. ఆయన కాలము చేసిన పిమ్మట కుటుంబమునకు మిగులునవి బాకీల పుస్తకములు మాత్రమే.

ఇదేమని యడిగినచో, "నమ్మదగినవా రెవరున్నారు?" అని బదులు వచ్చును. అధికార మీయనిదే నమ్మదగినవాడెట్లు తయారగును? అర్హత వచ్చిన పిమ్మట అధికార మిత్తుమని పరప్రభువులు 1947 వఱకు మనకు చెప్పిన మాట యిదియే. ఆ మాటను త్రోసిపుచ్చి స్వరాజ్యమును సంపాదించుకొన్న మనము, మన యంగడిలో దానినే గుమాస్తాకు చెప్పుట తగునా?

వేఱొక తెగ యజమానులును కలరు. వీరు పనినంతయు గుమాస్తా నెత్తిన వైచి తాము తప్పుకొందురు. లాభము వచ్చిన తమ తెలివి. నష్టము వచ్చిన వాని ద్రోహము. మొదటివారిది లోభము, రెండవవారిది పలాయనము.

ఈ రెంటి నడుమ న్యాయమార్గమును వెదకుటకు పరదేశపు వ్యాపార గ్రంథములు అక్కఱలేదు. నేటికిని అమలులోనున్న 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమును తిరుగవేసిన చాలును. యజమాని పేర పరులతో వ్యవహరించువాడు ఏజంటు. అతడు కోరినప్పుడు లెక్కలు చూపవలెనని 213వ సెక్షను చెప్పుచున్నది. చిక్కు కలిగినప్పుడు యజమానికి తెలిపి ఆజ్ఞ పొందుటకు తగిన యత్నము చేయవలెనని 214వ సెక్షను విధించుచున్నది. ఆపత్సమయమున యజమానిని నష్టమునుండి కాపాడుటకు, వివేకవంతుడు తన స్వంత వ్యవహారమున నడచుకొనునట్లు నడచుకొను అధికారమును 189వ సెక్షను ఇచ్చుచున్నది. ఇక యజమాని విధి యేమి? ఇచ్చిన అధికారమునకు లోబడి ఏజంటు చేసిన న్యాయమైన పనివలన వానికి కలుగు నష్టమును తానే భరింపవలెనని 222వ సెక్షను శాసించుచున్నది. తాళమిచ్చి లెక్క యడుగకుండుటయు తప్పే. లెక్క యడుగుచు తాళ మీయకుండుటయు తప్పే.

ఇది గ్రంథములకే పరిమితమైన ధర్మము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించిరి. 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించి, 1914లో చెన్నపురియందు దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతిని ప్రారంభించిరి. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగను ఉండిరి. ప్రతి కార్యమును తన కన్నులయెదుటనే జరుగవలెననువానికి ఇన్ని కార్యములు సాధ్యములా? 1938లో వారు దివంగతులైన పిమ్మట ఆంధ్రపత్రిక అర్ధశతాబ్దమునకు పైగా నడచినది. అమృతాంజనము నేటికిని ఇంటింట నున్నది.

కావున మన వర్తకులకు మా మనవి యిది. అప్పగించు పని యేదియో, ఎన్ని రూపాయల వఱకు స్వతంత్రించవచ్చునో, ఏ విషయమున తమ్ము సంప్రదింపవలెనో, లెక్క యెన్నడు చూపవలెనో కాగితముపై వ్రాసియిండు. ఆ హద్దులలో జరిగిన నష్టము తమదేయని పదిమంది యెదుట చెప్పుడు. పిమ్మట వాని పనిలో దినదినమును వ్రేలు పెట్టకుడు. పనిని పంచుకొనవచ్చును, బాధ్యతను వదలుకొనరాదు. ఈ భేద మెఱిగిన యజమాని వ్యాపారము అతని యాయువుతో ముగియదు.