నక్షాలో పేరుంటే ఊరు నిలుస్తుందా? పశ్చిమ ఆస్ట్రేలియా చెప్పే పాఠం

సర్కారు దగ్గరున్న నక్షాలో ఒక ఊరు లేకపోతే ఆ ఊరి గతేంటి? కరెంటు లైను ఎక్కడిదాకా వేయాలి, బోరు ఎక్కడ తవ్వాలి, కొత్త ఇంటికి అనుమతి ఎలా ఇవ్వాలి అన్నది ఏ ఆఫీసుకూ తేలదు. గని కోసం దరఖాస్తు వస్తే అధికారి కంప్యూటర్‌లో కనిపించేది ఖాళీ జాగానే. మరి నక్షాలోకి ఎక్కిన ఊరికి ఇక భయం లేనట్టేనా? ఈ రెండు ప్రశ్నలకూ పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆదివాసీ పల్లెల దగ్గర జవాబు ఉంది.

పశ్చిమ ఆస్ట్రేలియా ఒక్క రాష్ట్రమే భారతదేశంలో మూడొంతుల విస్తీర్ణం ఉంటుంది. అందులో చాలా భాగం ఎడారి. పంతొమ్మిదో శతాబ్దంలో అఫ్ఘానిస్తాన్, బలూచిస్తాన్, పంజాబ్ వైపు నుంచి ఒంటెలతో వెళ్లిన ముస్లింలు ఈ దారుల్లోనే సరుకులు మోశారు. వాళ్లలో కొందరు ఆదివాసీ కుటుంబాలతో వియ్యమందారు. ఇదే నేలను బ్రిటిష్ పాలకులు ఎవరికీ చెందని ఖాళీ భూమిగా లెక్కగట్టారు. వేల ఏళ్లుగా జనం బతుకుతున్నా కాగితం మీద మాత్రం ఎవరూ లేరు! ఆ లెక్క తప్పని ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో మాబో కేసులో తేల్చింది. మరుసటి ఏడాది, 1993లో, ఆదివాసుల భూహక్కును గుర్తించే నేటివ్ టైటిల్ చట్టం వచ్చింది.

కోర్టులో ఖాళీ భూమి అన్న మాట పోయింది. ఆఫీసు నక్షాల్లో మాత్రం ఖాళీ అలాగే మిగిలింది. కారణం ఇదీ. మామూలు పట్టణంలో ప్రతి ఇంటికీ విడి ప్లాటు, దానికో నంబరు, దానికో యజమాని ఉంటారు. మారుమూల ఆదివాసీ పల్లెల్లో చాలావరకు అలా ఉండదు. మొత్తం ఊరు ఒకే పెద్ద ప్రభుత్వ రిజర్వు భూమిలోనో, లీజు భూమిలోనో ఉంటుంది. హద్దుల నక్షా తీస్తే ఒక పెద్ద గీత, మధ్యలో ఏమీ లేదు. అక్కడ ఇళ్లున్నాయి, బడి ఉంది, క్లినిక్ ఉంది. రికార్డులో లేవు, అంతే.

ఈ లోటు తీర్చడానికే రాష్ట్ర ప్రభుత్వం ఆదివాసీ ఆవాసాల కోసం ప్రత్యేకంగా ఒక ప్లానింగ్ విధానం తెచ్చింది. 2000లో వచ్చిన దాన్ని 2011లో సవరించారు. దీని కింద పల్లెకో లేఅవుట్ ప్లాన్ తయారవుతుంది. ఇళ్లు ఎక్కడున్నాయి, రేపటి ఇళ్లకు జాగా ఎక్కడ, రోడ్లు, కరెంటు కేంద్రం, మురుగునీటి కుంటలు, తాగునీటి బోరు చుట్టూ కాపాడాల్సిన ప్రాంతం, కట్టడాలు రాకూడని చోట్లు అన్నీ అందులో గీస్తారు. విడి పట్టాలు లేకపోయినా ప్లానింగ్ కోసం ఇళ్లకు లేఅవుట్ ప్లాట్ నంబర్లు ఇస్తారు. ప్లాన్ కాగితానికే ఆగిపోదు. రాష్ట్ర డిజిటల్ భూసమాచారంలో ఒక పొరగా చేరుతుంది.

దీని ఫాయిదా చిన్నదేం కాదు. మురుగు కుంట పక్కనే ఇల్లు కట్టకుండా, తాగే బోరు పక్కన ఇంధన ట్యాంకు పెట్టకుండా ముందే ఆపొచ్చు. 2023 జనవరిలో కింబర్లీ ప్రాంతంలో ఫిట్జ్‌రాయ్ నదికి రికార్డు స్థాయిలో వరద వచ్చి ఆదివాసీ పల్లెల్లో ఇళ్లు మునిగాయి, జనాన్ని తరలించాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఏ ఇల్లు ఎక్కడుంది, ఏ దారి ఎటు పోతుంది అన్న సమాచారం ప్రాణాలతో ముడిపడిన విషయం.

అయితే నక్షా ఒక్కటే ఊరిని కాపాడదు. అదే కింబర్లీలో ఊంబుల్గుర్రి అనే పల్లె ఉండేది. అక్కడ సామాజిక సమస్యలు తీవ్రంగా ఉన్న మాట నిజమే. ప్రభుత్వం ఒక్కో సేవనూ ఉపసంహరిస్తూ వచ్చి 2011లో ఊరిని మూసేసింది. 2014లో ఇళ్లను కూల్చారు. అదే ఏడాది నవంబరులో అప్పటి ప్రీమియర్ కాలిన్ బార్నెట్ రాష్ట్రంలోని 274 మారుమూల పల్లెల్లో 150 దాకా మూతపడొచ్చని ప్రకటించారు. ఆ పల్లెల్లో ఉండేది దాదాపు 12 వేల మంది. నీళ్లు, కరెంటు లాంటి సేవలకు కేంద్రం ఇచ్చే నిధులు ఆపేయడం దీని వెనుక కారణం. 2015 మార్చిలో ప్రధాని టోనీ అబాట్, మారుమూల ఉండటం వాళ్ల జీవనశైలి ఎంపిక, దానికి పన్ను కట్టేవాళ్ల డబ్బు ఎంతకని పెడతాం అన్న ధోరణిలో మాట్లాడారు. తాతముత్తాతల నేల మీద ఉండటం షోకు కాదని జనం రోడ్డెక్కారు. దేశమంతా నిరసనలు లేచాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎక్కడ ఎన్ని ఇళ్లు, బోరుకు ఖర్చెంత అన్న లెక్కలు సేవలు అందించడానికి పనికొస్తాయి. అవే లెక్కలు చూపించి ఈ ఊరు గిట్టుబాటు కాదని సేవలు ఆపేయడానికీ పనికొస్తాయి. డేటా అదే, చేతులే వేరు.

జూకన్ లోయ కథ ఇంకా చేదు. పిల్బరా ప్రాంతంలో 46 వేల ఏళ్ల కింద మనుషులు వాడిన ఆనవాళ్లున్న రాతి గుహలను 2020 మేలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం పేల్చేసింది. అవి ఎవరికీ తెలియని గుహలు కావు. రికార్డుల్లో ఉన్నాయి. 1972 నాటి వారసత్వ చట్టంలోని 18వ సెక్షన్ కింద 2013లోనే అనుమతి తీసుకున్నారు. ఆ తర్వాత తవ్వకాల్లో ఎంతో విలువైన వస్తువులు బయటపడ్డా, అనుమతిని మళ్లీ పరిశీలించమని అడిగే దారి ఆ నేల అసలు వారసులకు చట్టంలో లేదు. రియో టింటో సీఈఓ పదవి పోయింది. గుహలు తిరిగి రాలేదు. కొత్త చట్టం 2023 జూలైలో అమల్లోకి వచ్చింది. రైతులు, భూయజమానుల వ్యతిరేకతతో నెల దాటిన కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రభుత్వం చెప్పింది. కొన్ని సవరణలతో పాత చట్టమే మళ్లీ వచ్చింది.

అందుకే ఆదివాసీ సంఘాలు ఇప్పుడు అడుగుతున్నది నక్షాలో చోటు ఒక్కటే కాదు, నక్షా మీద హక్కు. పవిత్ర స్థలాలు, ఆడవాళ్లకో మగవాళ్లకో మాత్రమే తెలియాల్సిన చోట్లు అందరి కళ్ల ముందు పెట్టడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఏది గీయాలి, ఎవరికి చూపాలి, దేనికి వాడాలి అన్నది తమను అడిగే చేయాలంటున్నారు. 2019లో ప్రపంచ స్థాయిలో వచ్చిన కేర్ సూత్రాల సారం కూడా ఇదే: ఆదివాసుల డేటా మీద అధికారం ఆదివాసులదే కావాలి, దాని మేలు వాళ్లకు చేరాలి.

మన ఇళ్లలో ఈ చర్చ పరాయిది కాదు. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ ప్రారంభించి వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో ఎక్కించాలంది. తరాలుగా ఖబరస్థాన్‌గానో, ఆషూర్‌ఖానాగానో వాడుతున్న జాగాకు సర్వే నంబరు, హద్దులు, పాత కాగితాలు వెతుక్కునే పని ముతవల్లీల మీద పడింది. ఆ జాగా కథ, ఈ పల్లెల కథ ఒకటి కాదు, చట్టాలూ వేరు. ప్రశ్న మాత్రం దగ్గరిదే. వివరాలు ఎక్కించడం తప్పనిసరి, ఎక్కించకపోతే నష్టం మనదే. కానీ ఎక్కించిన వివరం సరిగా పడిందా, హద్దు ఎవరు గీశారు, తప్పుంటే ఎవరిని అడగాలి అన్నది జమాత్ చూసుకోకపోతే పోర్టల్ దానంతట అది కాపాడదు. ఎక్కించిన ప్రతి కాగితం నకలు, నక్షా, పాత గెజిట్ ప్రతి మసీదు కమిటీ దగ్గర ఉండాలి. ఊళ్లో నలుగురికి ఆ హద్దులు తెలిసి ఉండాలి.

ఊంబుల్గుర్రిలో ఇళ్లు కూలింది ఆ ఊరు ఎక్కడుందో తెలియక కాదు. జూకన్ గుహలు పేలింది వాటి విలువ తెలియక కాదు. తెలిసే చేశారు. కాబట్టి సర్కారు రికార్డులో పేరు ఎక్కించుకోవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ రికార్డు మార్చేటప్పుడు, వాడేటప్పుడు అక్కడి జనం మాట చెల్లాలి. వద్దు అనే హక్కు చట్టంలో రాసి ఉండాలి. అది లేనంతకాలం ఎంత మంచి నక్షా అయినా సగం పనే చేస్తుంది.