తెల్లగుడ్డకు చప్పట్లు

నేనుండేది అమెరికా నడిబొడ్డున ఒక చిన్న ఊరు. న్యూయార్కు వెళ్లాలంటే విమానమెక్కాలి, హోటల్లో దిగాలి, రెండు రోజులు సెలవు పెట్టాలి. మా ఊళ్లో మూతపడిన ఒక పాత సినిమాహాలును బాగుచేసి కళాకేంద్రంగా మార్చారు. అక్కడ కొన్ని శనివారాల్లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరావారి ప్రదర్శనలు తెర మీద చూపిస్తుంటారు. 2022 నవంబరులో అలా వెర్డీ 'లా ట్రావియాటా' చూశాను. వయొలెట్టా కన్నుమూసింది, తెర పడింది. హాల్లో ఉన్న నలభై మందిమీ చప్పట్లు కొట్టాం.

నాతో వచ్చిన మిత్రుడు మాత్రం చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఆయన న్యూయార్కులో చాలాకాలం ఉండి, ఒపెరాను ఎదురుగా కూర్చుని విన్నవాడు. బయటికి రాగానే, "తెల్లగుడ్డకు చప్పట్లేమిటండీ? పెళ్లిభోజనం వీడియో చూసి త్రేన్చినట్టుంది మీ వ్యవహారం" అన్నాడు. మాట చమత్కారంగా ఉండటంతో నేనూ నవ్వేశాను. కానీ అప్పటినుంచీ అది నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఈనాడు చెబుతున్నాను.

ముందుగా ఆయన మాటలోని న్యాయం ఒప్పుకుంటాను. మెట్రోపాలిటన్ ఒపెరా మందిరంలో సుమారు 3,800 మంది కూర్చుంటారు. అంత మందిరంలో, అంత వాద్యబృందాన్ని దాటుకుని, మైకు సాయం లేకుండా ఒక మనిషి గొంతు ఆఖరి వరుసకు చేరాలి. ఒపెరా గాయకుల ఏళ్ల తరబడి సాధన అంతా అందుకే. తెర మీదికి వచ్చేసరికి ఆ గొంతు మైకులో దూరి, లౌడ్‌స్పీకరులోంచి బయటపడుతుంది. కొండంత గొంతూ, గోరంత గొంతూ ఒక మీటతో సమానమైపోతాయి. ఇది చిన్న నష్టం కాదు. ఇంకొకటి: 'రిగొలెట్టో' చివరి అంకంలో నలుగురు ఒకేసారి నాలుగు రకాల మనోభావాలు పాడతారు. మందిరంలో కూర్చున్నవాడు ఎవరిని చూడాలో తానే నిర్ణయించుకుంటాడు. తెర ముందు ఆ నిర్ణయం కెమెరా వాడిది.

సరే, ఇది సగం నిజం. ఆ సగం నిజాన్ని గడపకు అడ్డంగా పెట్టి మిగతావాళ్లను బయట నిలబెట్టడం మీదనే నా పేచీ.

ఒపెరా గడప దాటి బయటికి రావడం కొత్తేమీ కాదు. 1910 జనవరిలోనే లీ డి ఫారెస్ట్ ఆ సంస్థ పాత మందిరం నుంచి కరూసో గొంతును రేడియోలో వినిపించాడు. 1931 క్రిస్మస్ నాడు 'హాన్సెల్ అండ్ గ్రెటెల్' మొత్తంగా ప్రసారమైంది. 1983లో టొరంటోలో 'ఎలెక్ట్రా' ఆడుతూ పాటల అర్థాన్ని రంగస్థలం పైన అక్షరాలుగా చూపితే, చూపు చెదురుతుందనీ, కళ భ్రష్టమవుతుందనీ పండితులు గోల చేశారు. 1995 నుంచి అదే మెట్రోపాలిటన్‌లో ప్రతి కుర్చీ ముందూ చిన్న అక్షరాల తెర ఉంది. నా మిత్రుడికి ఇటాలియన్ రాదు. ఆయన ఇన్నేళ్లూ ఆ అక్షరాలు చదువుకునే ఆనందించాడు. తనదాకా వచ్చిన తెర ముద్దు, నాదాకా వచ్చిన తెర చేదు!

2006 డిసెంబరు 30న 'ద మేజిక్ ఫ్లూట్'తో ఈ సినిమాహాలు ప్రసారాలు మొదలయ్యాయి. అవే లేకపోతే, ట్రావియాటా రెండో అంకంలో ఆ తండ్రి వచ్చి "నా కూతురి పెళ్లి చెడుతుంది, నా కొడుకును వదిలెయ్యమ్మా" అని ఒక వెలయాలిని వేడుకోవడం నేను చూసి ఉండేవాణ్ణి కాదు. మన మధురవాణికి దూరపు చుట్టంలా కనిపించింది వయొలెట్టా. ఆయన పాడుతున్నంతసేపూ కెమెరా ఆమె వింటున్న ముఖం మీద నిలిచిన క్షణాలున్నాయి. ఒప్పుకోక ముందే ఓడిపోయిన ముఖం అది. పై అంతస్తు చివరి వరుసలో కూర్చున్నవాడికి ఆ ముఖం కనబడదు. కెమెరా తీసుకున్నదాని లెక్క చెప్పేవాళ్లు, ఇచ్చినదాని లెక్కా చెప్పాలి కదా!

ఇక చప్పట్ల సంగతి. 2008 ఏప్రిల్ 21న హువాన్ డియేగో ఫ్లోరెజ్ 'లా ఫీ దు రెజిమాఁ'లో తొమ్మిది తారస్థాయి స్వరాలున్న పాట పాడితే, జనం హోరెత్తి రెండోసారి పాడించుకున్నారు. మెట్రోపాలిటన్‌లో 1994 తర్వాత ఒక గాయకుడు అలా తిరిగి పాడటం అదే మొదలు. ఆ వార్త చదివి నేను ముసిముసిగా నవ్వుకున్నాను. మన పద్యనాటకాల్లో 'ఒన్స్ మోర్' వినబడని రాత్రి ఉండేదా? తెరను ఎంత బతిమాలినా ఒన్స్ మోర్ పాడదు, నిజమే. కానీ చప్పట్లు గాయకుడికి చెల్లించే బాకీ మాత్రమే కాదు. పక్కన కూర్చున్న అపరిచితుడితో 'నీకూ గొంతు పూడుకుపోయిందా?' అని అడగడం కూడా. ఆ నలభై మందిమీ ఒకరినొకరం అదే అడిగాం.

నాకు కోపం ఉన్నది వేరొక విషయం మీద. 2020 మార్చిలో మహమ్మారి వల్ల మెట్రోపాలిటన్ మూతపడింది. ఇలా చిత్రించి దాచుకున్న ప్రదర్శనలనే రాత్రికొకటి చొప్పున ఉచితంగా ప్రపంచానికి చూపించారు. నేనూ చూశాను. అయితే ఆ తెర మీద వాయిస్తున్న వాద్యకారులకు ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాదిపాటు జీతాలు లేవు. బొమ్మ బతికుంటే చాలు, మనిషి ఏమైనా ఫరవాలేదన్న బుద్ధి పుట్టిందంటే, తెర మీద కత్తి దూయవలసింది అక్కడ. అంతేగాని, దూరపు ఊళ్లో టిక్కెట్టు కొనుక్కుని కన్నీళ్లు తుడుచుకునే ప్రేక్షకుడి మీద కాదు.

చివరగా మన ఇంటి సంగతి. పీసపాటివారి కృష్ణుడి గురించీ, షణ్ముఖి ఆంజనేయరాజుగారి రాగాల గురించీ మన పెద్దలు ఎంత చెప్పేవారు! పద్యాలు కొన్ని రికార్డుల్లో దొరుకుతాయి. కానీ తెల్లవార్లూ సాగిన ఆ రాయబారం, ఎదుటివాడి పద్యం వింటున్నప్పటి కృష్ణుడి చిరునవ్వు, ఒన్స్ మోర్ అని లేచిన జనం — వీటిలో ఏవి నేను మా పిల్లలకు చూపించగలను? 'అది ఎదురుగా చూడాలోయ్' అనేవాళ్లు మనకెప్పుడూ తక్కువ కాలేదు. ఎదురుగా చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

పెళ్లిభోజనం వీడియోతో కడుపు నిండదు, మిత్రమా. కానీ ఆ వీడియోలో మా తాతగారు వడ్డిస్తూ కనబడితే, నేను కళ్లకద్దుకుంటాను. మళ్లీ ప్రదర్శన ఉన్నప్పుడు వెళతాను. చప్పట్లూ కొడతాను. పక్క కుర్చీ మీకోసం ఖాళీగానే ఉంచుతాను.