బోర్డు కొనేముందు అడగాల్సిన ప్రశ్న: కెర్నల్‌కు ఇది తెలుసా?

రాయ్‌పూర్‌లోని భన్‌పురి పారిశ్రామిక ప్రాంతం వంటి చోట ఒక చిన్న వర్క్‌షాపును ఊహించుకుందాం. కొలిమి ఉష్ణోగ్రతను థర్మోకపుల్‌తో కొలవాలి. హద్దు దాటితే రిలే పడి ఫ్యాను తిరగాలి. రీడింగులన్నీ ఒక ఫైలులో చేరాలి. ఇంత పనికి పెద్ద కంప్యూటరు అక్కర్లేదు, అరచేతిలో ఇమిడే సింగిల్ బోర్డు కంప్యూటర్ చాలు. బోర్డు నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. ఒకరోజు ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చారు. ఆ మర్నాడు రీడింగులు వస్తున్నాయి గానీ ఫ్యాను తిరగడం లేదు. వైరు తెగలేదు, రిలే కాలలేదు. ప్రోగ్రాము మాత్రం ‘ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని ఒక ముక్క చెప్పి ఆగిపోతోంది.

వర్క్‌షాపు ఊహే అయినా కారణం నిజమైనది. 2024లో రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కెర్నల్ 6.6కు మారింది. అంతకుముందు పై 4 వంటి బోర్డుల్లో 17వ జీపీఐఓ పిన్నును పాత పద్ధతిలో వాడాలంటే 17 అని రాస్తే సరిపోయేది. కొత్త కెర్నల్‌లో ఆ లెక్క 512 నుంచి మొదలైంది. కాబట్టి అదే పిన్ను ఇప్పుడు 529. పాత ప్రోగ్రాము 17 అని అడిగితే అలాంటిదేదీ లేదని కెర్నల్ జవాబిస్తుంది.

కెర్నల్ రాసేవాళ్లను ఇందుకు తప్పుపట్టడం కష్టం. ఆ పాత పద్ధతికి బదులు కొత్తది వాడమని వాళ్లు 2016 నుంచే చెబుతున్నారు. ఆ అంకెలు ఎప్పటికీ మారవని ఎన్నడూ మాట ఇవ్వలేదు. వర్క్‌షాపు యజమానిదీ తప్పు కాదు. ఆయన కొన్నది ఒక పరికరం. దానితోపాటు నిరంతరం మారే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థతో సంబంధం కూడా కలుపుకున్నట్టేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రాస్ప్‌బెర్రీ పైకి ఎందరో వాడకందార్లు ఉన్నారు గనుక ఈ చిక్కుకు పరిష్కారం త్వరగానే దొరికింది. అంత ఆదరణ లేని బోర్డుల సంగతి వేరు.

పీసీ తన గురించి తాను చెబుతుంది, బోర్డు చెప్పదు

మామూలు పీసీలో ఏ కార్డు పెట్టినా, ఏ యూఎస్‌బీ పరికరం తగిలించినా అది తన తయారీదారు సంఖ్యను, తన మోడల్ సంఖ్యను చెబుతుంది. మదర్‌బోర్డు వివరాలను బయాస్ లేదా యూఈఎఫ్‌ఐ అందిస్తుంది. అందుకే ఒకే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ ఎన్నో కంపెనీల పీసీల మీద పనిచేస్తుంది.

సింగిల్ బోర్డు కంప్యూటర్లలో ఎక్కువగా వాడే ఆర్మ్ చిప్‌ల తీరు ఇలా ఉండదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్, యూఎస్‌బీ, సీరియల్ పోర్టులు అన్నీ ఒకే చిప్‌లో ఇమిడి ఉంటాయి. ఏ భాగం ఏ మెమరీ చిరునామాలో ఉందో, దానికి ఏ గడియారం, ఏ వోల్టేజీ సరఫరా కావాలో ముందుగా ఎవరైనా రాసిపెట్టాలి. ఐ2సీ, ఎస్‌పీఐ తీగల మీద కూర్చున్న సెన్సర్లు కూడా తమంతట తాము పేరు చెప్పవు. ఈ వివరాలన్నీ రాసిపెట్టిన పత్రమే ‘డివైస్ ట్రీ’. బూట్‌లోడర్ దాన్ని కెర్నల్‌కు అందిస్తుంది. అందులోని పేరుకు సరిపోయే డ్రైవర్ దొరికితే ఆ పరికరం పనిచేస్తుంది. పేరే లేకపోతే కెర్నల్ దృష్టిలో ఆ పరికరమే లేదు. అలాంటప్పుడు ఎర్రర్ కూడా రాదు. కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఈ మౌనమే.

ఒకప్పుడు పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉండేది. ప్రతి బోర్డు వివరాలనూ కెర్నల్ కోడ్‌లోనే రాసేవారు. ఒక్కో చిప్ కంపెనీ తన దారిన తాను కోడ్ చేర్చుకుంటూ పోయేది. 2011లో లైనస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళంపై ఘాటుగా విరుచుకుపడ్డారు. ఆ తర్వాతే ఆర్మ్ బోర్డులు డివైస్ ట్రీ బాట పట్టాయి. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 వెర్షన్‌తో వేర్వేరు కంపెనీల ఆర్మ్ చిప్‌లను ఒకే కెర్నల్‌తో నడిపే వీలు మొదలైంది.

మెయిన్‌లైన్‌లో ఉంటే ఏమి లాభం?

టోర్వాల్డ్స్ విడుదల చేసే అసలు కెర్నల్‌ను మెయిన్‌లైన్ అంటారు. దాదాపు తొమ్మిది, పది వారాలకు ఒక కొత్త వెర్షన్ వస్తుంది. చాలా చిప్ కంపెనీలు ఏదో ఒక వెర్షన్‌ను తీసుకుని, దానికి తమ సొంత మార్పులు భారీగా కలిపి, బోర్డుతోపాటు ఇస్తాయి. దీన్ని వెండర్ కెర్నల్ అంటారు.

ఈ రెండింటి మధ్య తేడా వాడకందారుకు మొదటి రోజున కనిపించదు. మూడో ఏడు కనిపిస్తుంది. లినక్స్ కెర్నల్ లోపలి నిర్మాణం స్థిరంగా ఉండదు, కావాలనే అలా వదిలేశారు. అయితే ఒక పద్ధతి ఉంది. లోపలి నిర్మాణాన్ని ఎవరు మారుస్తారో, దానివల్ల మెయిన్‌లైన్‌లో ప్రభావితమయ్యే డ్రైవర్లన్నింటినీ వాళ్లే సరిచేయాలి. అంటే మెయిన్‌లైన్‌లో చేరిన డ్రైవర్‌ను ప్రపంచంలోని డెవలపర్లు తమ పనిలో భాగంగానే కాపాడుతూ ఉంటారు. కంపెనీ దగ్గరే ఉండిపోయిన డ్రైవర్‌ను కాపాడాల్సింది ఆ కంపెనీ ఒక్కటే. కొత్త చిప్ మార్కెట్లోకి వచ్చాక పాత చిప్ మీద ఇంజనీరును కూర్చోబెట్టడానికి ఏ కంపెనీ ఖర్చు పెడుతుంది?

ఎన్‌విడియా జెట్సన్ నానో ఉదాహరణ చూడండి. 2019లో వచ్చిన ఈ బోర్డును కృత్రిమ మేధ ప్రాజెక్టుల కోసం విద్యార్థులు ఇష్టంగా కొన్నారు. దాని అధికారిక సాఫ్ట్‌వేర్ కెర్నల్ 4.9, ఉబుంటు 18.04 దగ్గరే ఆగిపోయింది. ఆ కెర్నల్‌కు మెయిన్‌లైన్ బృందం మద్దతు 2023 జనవరిలోనూ, ఆ ఉబుంటుకు ఉచిత మద్దతు అదే ఏడాది మధ్యలోనూ ముగిశాయి. మెయిన్‌లైన్ కెర్నల్‌తో ఆ బోర్డును బూట్ చేయవచ్చు. కానీ దాన్ని కొన్నదే కూడా కోసం, కంపెనీ గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం. అవి పాత కెర్నల్‌తోనే వస్తాయి. చిప్ చక్కగా ఉన్నా, అయిదేళ్లు నిండకుండానే సాఫ్ట్‌వేర్ పాతబడింది.

భద్రత విషయంలో ఇంతకన్నా గట్టి పాఠం 2016లో దొరికింది. ఆల్‌విన్నర్ కంపెనీ హెచ్3, ఏ83టీ, హెచ్8 చిప్‌ల కోసం ఇచ్చిన 3.4 కెర్నల్‌లో డీబగ్గింగ్ కోసం పెట్టిన ఒక చోర ద్వారం బయటపడింది. ఒక ఫైలులో ఒక మాట రాస్తే చాలు, ఏ సాధారణ ప్రోగ్రాముకైనా రూట్ అధికారం దక్కుతుంది. అది పరిశోధన కోసం పెట్టి తీయడం మరిచిన కోడ్ అయినా ఫలితం మాత్రం ఒకటే. మెయిన్‌లైన్ కెర్నల్‌లో ఆ కోడ్ లేదు. అక్కడ ప్రతి మార్పునూ బయటివాళ్లు చదివి ప్రశ్నిస్తారు గనుక అలాంటిది దాటిపోవడం చాలా కష్టం.

తప్పంతా కెర్నల్‌దే అనుకోకూడదు

బోర్డు మొరాయించిన ప్రతిసారీ కెర్నల్‌ను అనుమానించడం కూడా పొరపాటే. ముందు చూడాల్సింది కరెంటు. రాస్ప్‌బెర్రీ పై 4లో సరఫరా 4.63 వోల్టుల దగ్గరికి పడిపోతే ‘అండర్ వోల్టేజ్’ హెచ్చరిక వస్తుంది. పై 5కు 5 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్‌ను సిఫారసు చేస్తారు. జేబులోని ఫోన్ ఛార్జరు అందుకు సరిపోదు. పెద్ద మోటార్లు ఆన్, ఆఫ్ అయ్యే వర్క్‌షాపులో ఈ తేడా మరింత ముఖ్యం. తర్వాత చూడాల్సింది వేడి. 80 డిగ్రీలు దాటితే పై 4 తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రాయ్‌పూర్ మే నెల ఎండకు కొలిమి పక్కన, గాలి ఆడని డబ్బాలో బోర్డును బిగిస్తే ఆ హద్దు ఎంతో దూరంలో ఉండదు. మూడోది మెమరీ కార్డు. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైలు చెడిపోవడం సాధారణం.

ఈ మూడూ సరిగా ఉన్నాయని తేలాక బోర్డు చేత మాట్లాడించాలి. తెర నల్లగా ఉన్నా సీరియల్ పోర్టు మాట్లాడుతుంది. మూడు తీగలు, 3.3 వోల్టుల యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ ఉంటే చాలు. 5 వోల్టులది తగిలిస్తే పిన్నులు కాలిపోవచ్చు. చాలా బోర్డులకు వేగం 1,15,200. రాక్‌చిప్ బోర్డుల్లో తరచుగా 15,00,000 ఉంటుంది. వేగం తప్పుగా పెట్టి, వచ్చిన పిచ్చి గీతలు చూసి బోర్డు పాడైందనుకునేవాళ్లు ఉంటారు.

ఇక కెర్నల్ లాగ్‌లోని అంకెలు చదవాలి. ఫర్మ్‌వేర్ వరుసలో -2 అంటే ఫైలు దొరకలేదని అర్థం. వైఫై పనిచేయకపోవడానికి తరచూ ఇదే కారణం. -110 అంటే అవతలి పరికరం గడువులోగా జవాబివ్వలేదు. ముందు తీగలు చూడాలి. -517 అంటే డ్రైవర్ ఉంది గానీ దానికి కావాల్సిన గడియారమో, విద్యుత్ నియంత్రకమో ఇంకా సిద్ధం కాలేదు. అది చివరిదాకా అలాగే ఉండిపోతే, ఆ రెండో భాగపు డ్రైవర్ కెర్నల్‌లో లేకపోయి ఉండవచ్చు. ఏ అంకే లేకుండా పరికరమే కనబడకపోతే డివైస్ ట్రీ తెరిచి చూడాలి. ఇంత వరకు ఓపికగా వచ్చాక ‘ఈ చిప్‌కు మెయిన్‌లైన్‌లో డ్రైవరే లేదు’ అని తేలితే వాడకందారు చేయగలిగింది ఏమీ మిగలదు. ఆ ప్రశ్న కొనకముందే అడగాలి అనేది అందుకే.

చౌక కూడా ఒక అవసరమే

దీనికి ఎదురువాదన ఉంది, అందులో బలమూ ఉంది. మెయిన్‌లైన్ మద్దతు ఆలస్యంగా వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 5 2023లో మార్కెట్లోకి వస్తే, మెయిన్‌లైన్‌లో దానికి ప్రాథమిక మద్దతు 2024 నవంబరులో వచ్చిన 6.12తో మొదలైంది. వీడియో డీకోడింగ్, న్యూరల్ ప్రాసెసింగ్ వంటివి వెండర్ కెర్నల్‌లోనే ముందుగా పనిచేస్తాయి. చిన్న వర్క్‌షాపుకు వెయ్యి రూపాయల తేడా కూడా తేడాయే. ఇంటర్నెట్‌కు తగిలించని బోర్డును అప్‌డేట్ చేయకుండా అలాగే నడుపుకోవచ్చు కదా అనేవారూ ఉన్నారు.

ఒక్క యంత్రం, ఒక్క యజమాని అయితే ఈ వాదన సబబే. తన లెక్క ఆయనకు తెలుసు. ప్రజాధనంతో వేల బోర్డులు కొనేటప్పుడు మాత్రం ఇది నిలబడదు. అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఇప్పటికే పదివేల పాఠశాలల్లో ఉన్నాయి. ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో మరో 50,000 ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. వీటిలో ఎలక్ట్రానిక్స్, రోబోటిక్స్ పరికరాలే ప్రధానం. ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబ్‌లు, మున్సిపాలిటీల సెన్సర్లు, వ్యవసాయ వాతావరణ కేంద్రాలు వీటికి అదనం. మూడేళ్లకు అప్‌డేట్లు ఆగిపోయే బోర్డు పాఠశాల బీరువాలో పడితే నష్టపోయేది దాని ధర ఒక్కటే కాదు. తన ప్రోగ్రాము ఎందుకు నడవడం లేదో తెలియక, లోపం తనదేననుకుని ఎలక్ట్రానిక్స్ వైపు మళ్లీ చూడని తొమ్మిదో తరగతి విద్యార్థినిని కూడా లెక్కలో వేసుకోవాలి.

టెండర్‌లో మూడు వాక్యాలు

ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలన్న విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. ఆ స్ఫూర్తి బోర్డుల కొనుగోలుకూ చేరాలి. ర్యామ్ ఎంత, కోర్లు ఎన్ని అని అడిగే టెండర్ పత్రంలో మరో మూడు వాక్యాలు చేర్చితే చాలు. ఒకటి: మార్పులు చేయని మెయిన్‌లైన్ కెర్నల్‌తో బోర్డు బూట్ కావాలి, నెట్‌వర్క్, యూఎస్‌బీ, స్టోరేజి, జీపీఐఓ పనిచేయాలి. రెండు: ఏ భాగాలు వెండర్ కెర్నల్‌తోనే పనిచేస్తాయో అమ్మకందారు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మూడు: భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు ఇస్తారో ఆ తేదీ వేయాలి. లినక్స్ కెర్నల్ సోర్స్‌ను ఇవ్వడం జీపీఎల్ లైసెన్సు ప్రకారం ఎలాగూ తప్పనిసరి. కానీ ఒకసారి సోర్స్ ఇచ్చి చేతులు దులుపుకోవడం మద్దతు కిందికి రాదు.

ఇదే కొలబద్ద మన సొంత చిప్‌లకూ వర్తించాలి. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్ మీద 2018లోనే లినక్స్ బూట్ అయింది. సీ-డాక్ వేగ ప్రాసెసర్లను రూపొందించింది. రిస్క్-ఫైవ్ చిప్‌ల కోసం 2022లో కేంద్రం డీఐఆర్-వీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. చిప్ తయారీకి నిధులిచ్చేటప్పుడు, దాని డ్రైవర్లను మెయిన్‌లైన్‌లోకి చేర్చే పనికి కూడా విడిగా నిధి, గడువు పెట్టాలి. లేకపోతే స్వదేశీ బోర్డు కూడా ఒకటి రెండు కెర్నల్ వెర్షన్ల తర్వాత అదే బీరువాకు చేరుతుంది.

ఈ పనిలో కళాశాలలకూ చోటుంది. ఒక సెన్సర్ వివరాన్ని డివైస్ ట్రీలో సరిదిద్దడం కొన్ని వరుసల పని. దాన్ని మెయిన్‌లైన్ సమీక్షకులు ఒప్పుకునేలా రాయడం మాత్రం ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరితూగే చదువు. విశాఖలోనో, వరంగల్‌లోనో, రాయ్‌పూర్‌లోనో ఒక విద్యార్థి పంపిన ప్యాచ్ అంగీకారం పొందితే, ఆ బోర్డును వాడే ప్రతి వర్క్‌షాపుకూ తర్వాతి వెర్షన్‌తోపాటు అది అందుతుంది. భన్‌పురిలోని ఫ్యాను మళ్లీ ఆగకుండా చూసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు.