సంచార వైద్యసేవకుల మనోభారము

నర్సమ్మ వచ్చినదను వార్త పల్లెలో నిమిషములలో వ్యాపించును. భుజమున టీకామందుల పెట్టె, చేతిసంచిలో మాత్రలు, చంకలో రిజిస్టర్లు: ఇది మన గ్రామవాసు లెల్లరు నెరిగిన రూపమే. ఆమె గర్భిణుల రక్తపుపోటు చూచును. శిశువులకు టీకాలు వేయును. క్షయరోగి మాత్రలు మ్రింగుచున్నాడో లేదో విచారించును. వృద్ధుల మధుమేహమును పరీక్షించును. ప్రొద్దు క్రుంకువేళకు మరల బస్సుకొరకు దారిప్రక్కన నిలుచును. ఇంటింటి క్షేమమును విచారించిన యామెను, "అమ్మా, మీరు కులాసాయేనా?" యని యడిగినవారు మనలో నెందరు? ఈ యొక్క ప్రశ్నను నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఊరూరు తిరిగి వైద్యసేవ చేయువారు మన దేశమున కొలదిమంది గారు. 2005లో జాతీయ గ్రామీణారోగ్య మిషనుతోపాటు నేర్పడిన ఆశా కార్యకర్తలే పదిలక్షలకు మించియున్నారు. వీరుగాక ఉపకేంద్రములలోని ఏ.ఎన్.ఎం.లు, ఆంధ్రప్రదేశమున 104 బండ్లతో పల్లెలకు పోవు వైద్యులు, 2005లోనే హైదరాబాదున ప్రారంభమైన 108 వాహనములలోని సహాయకులు గలరు. ప్రభుత్వ ప్రమాణము ననుసరించి మైదానమున 5,000 మందికిని, కొండప్రాంతమున 3,000 మందికిని ఒక ఉపకేంద్రముండవలెను. కాగితముపై మూడువేలు ఐదువేలకంటె చిన్న సంఖ్యయే. కాని పాడేరు, రంపచోడవరము, ఉట్నూరు ప్రాంతములలో నా మూడువేలమంది యెన్ని గుట్టలపై, ఎన్ని వాగుల కావల నివసించుచున్నారో యా కాగితము చెప్పదు. బండి పోని చోటికి కాలినడకయే శరణ్యము. వాగు పొంగినచో ఆవలియొడ్డుననే రాత్రి గడపవలెను.

ఈ శ్రమ శరీరమునకు మాత్రమే సంబంధించినదైనచో నొక రాత్రి నిద్రతో తీరియుండెడిది. బస్సు కండక్టరును తిరుగుచునే యున్నాడు, మూటవర్తకుడును తిరుగుచునే యున్నాడు. వారికి లేని బాధ వీరికేమియని కొందరడుగవచ్చును. భేదము గలదు. వర్తకుని మూట సాయంకాలమునకు తేలికయగును. నర్సమ్మ మూట బరువెక్కును. ఒక గడపలో విన్న వ్యథను మోసికొనుచునే యామె తరువాతి గడప త్రొక్కవలెను. ఆసుపత్రిలోని నర్సుకు ప్రక్కన మరియొక నర్సు గలదు. పిలిచిన వచ్చు వైద్యుడు గలడు. తిరుగువారికి నిర్ణయము చేయునపుడు తోడు లేదు. ఆ నిర్ణయము బెడిసికొట్టినపుడు నిందలో పాలుపంచుకొనువారును లేరు. 108 వాహన సహాయకుడు రోడ్డు ప్రమాదమున నలిగిన పసివాని నాసుపత్రికి చేర్చి, బండిలోని నెత్తురు కడిగి ముగించునంతలో మరియొక పిలుపు వచ్చును. కంటనీరు పెట్టుటకైనను వ్యవధి లేని వృత్తి యది.

అన్నిటికంటె కఠినమైనది ప్రసవవేళ సంభవించు మరణము. డోలీ కట్టి కొండ దింపుచుండగా, రోడ్డు చేరకమునుపే తల్లి ప్రాణము పోయినదనుకొందము. నెలనెలయు నామెకు రక్తపరీక్ష చేసి, ఐరన్ మాత్రలిచ్చి, పేరుపెట్టి పిలిచి ధైర్యము చెప్పిన నర్సమ్మ యా క్షణమున తోబుట్టువువలెనే దుఃఖించును. కాని యామె దుఃఖమునకు గుర్తింపు లేదు. బంధువులు కోపింతురు. అధికారులు ప్రశ్నింతురు. రిజిస్టరులో నే గడి పూరింపబడలేదో వెదకుదురు. విచారణయే వలదని మేమనుటలేదు. ఒక మరణమునకు కారణము తెలియనిదే మరియొక మరణము నాపుట సాధ్యముగాదు. అట్టి విచారణకు లోపమును సవరించుటయే పరమార్థము. పదిమంది యెదుట నిలువబెట్టి గద్దించుట విచారణ గాదు, అది శిక్ష. మరునాడే యామె మరియొక గర్భిణి యింటికి పోవలసియున్నది. చెదిరిన మనస్సుతో, వణకు చేతితో పోయినచో నష్టపడునది యా గర్భిణియే గదా! కావున సేవకురాలి మనస్స్వాస్థ్యము రోగి క్షేమములో నొక భాగమేగాని, యామె సొంత వ్యవహారము గాదు.

ఈ విషయమున శాస్త్రజ్ఞుల యభిప్రాయమును స్పష్టముగనే యున్నది. 2019లో ప్రపంచారోగ్యసంస్థ వృత్తివలన గలుగు నీ యలసటను 'బర్నౌట్' అను పేర నిర్వచించెను. శక్తి యుడిగిపోవుట, చేయుపనిపై విముఖత, తనవలన ప్రయోజనము లేదను భావము: ఇవి దాని మూడు లక్షణములు. గమనింపదగినదేమన, ఆ సంస్థ దీనిని వ్యక్తికి సంక్రమించిన రోగముగా బేర్కొనలేదు. పనిచేయుచోట దీర్ఘకాలము చక్కబెట్టబడని యొత్తిడి ఫలితముగా బేర్కొన్నది. అనగా చికిత్స పనిచోటనే మొదలు కావలెను. 'బలహీనులు ఉద్యోగము మానుకొందురుగాక' యనువారీ సత్యమును గుర్తింతురుగాక. వానలో తడిసినవానికి జ్వరము వచ్చినచో, దేహము చెడ్డదని నిందింతుమా? గొడుగు లేకుండ పంపినవానిని గదా ప్రశ్నింపవలెను!

అయినచో గొడుగు లేవి? మొదటిది, దూరగ్రామములకు పోవువారి నొంటరిగా బంపరాదు. ఇద్దరిని జతగా బంపవలెను. రెండవది, రాత్రి నిలువవలసిన చోట లోపల గడియ, దీపము, మరుగుదొడ్డి గల గదియొకటి యుండవలెను. ఇది సౌకర్యము గాదు, కనీసమర్యాద. మూడవది, మరణమో, ఘోరప్రమాదమో చూచిన పిమ్మట నొకదినము పని తగ్గించి, అనుభవశాలియగు పెద్దనర్సుతోనో వైద్యునితోనో మనసువిప్పి మాటలాడు నవకాశము కల్పింపవలెను. ఆ మాటలు సర్వీసు రిజిస్టరున కెక్కరాదు. నాల్గవది, ఆశా కార్యకర్తల పారితోషికము వేళకు చేతికందవలెను. 2022 మే నెలలో ప్రపంచారోగ్యసంస్థ వీరిని సత్కరించినపుడు దేశమంతయు గర్వించినది. కాని బిరుదుతో బియ్యము రావు. నెలాఖరున అప్పుకై తిరుగువారికి మనశ్శాంతి బోధించుట యపహాస్యమే యగును.

వృత్తిలో నున్న సోదరీసోదరులకును ఒక మనవి. పరులకు చెప్పు హితము తమకును వర్తించునని గుర్తింపుడు. నిద్ర పట్టకపోవుట, చిన్నమాటకే కంటనీరో కోపమో పొంగుట, ఇల్లు చేరినను బిడ్డలతో మాటలాడ బుద్ధిపుట్టకపోవుట, ఇవి వారములతరబడి నిలిచినచో వైద్యుని జూడవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన 'టెలి మానస్' సేవకు 14416 సంఖ్యతో ఫోను చేసినచో రుసుము లేక, రేయింబగళ్ళు, తెలుగుననే సలహా లభించును. 2017 నాటి మానసికారోగ్య చట్టము, శరీరవ్యాధులతో సమానముగ మనోవ్యాధులకును భీమా వర్తింపజేయవలెనని శాసించినది. మనస్సునకు చికిత్స పొందుట సిగ్గుపడదగిన విషయము గాదని చట్టమే చెప్పుచుండగా మనము దాచవలసినదేమి?

తుదకు మన బాధ్యత. 2020 మార్చి 22వ తేదీన మనమందరము వాకిళ్ళలో నిలిచి వైద్యసేవకుల గౌరవార్థము చప్పట్లు చరచితిమి. ఆ వారముననే, అంటువ్యాధి భయముచే, వైద్యులను నర్సులను అద్దెయిండ్లు ఖాళీ చేయుమనిన వార్తలు దేశము నానామూలలనుండి వెలువడెను. ఆ యిండ్ల యజమానులు పరదేశీయులు గారు. మనవంటి విద్యావంతులే, ఆస్తిపరులే. చప్పట్లు చరచిన చేతులే తలుపులు మూసినవి. ఆ యపచారమునకు ప్రాయశ్చిత్తము చేసికొను నవకాశ మిప్పటికిని గలదు. నర్సమ్మ వచ్చిన దినమున నీడలో నొక కుర్చీ, మంచినీరు, పట్టెడన్నము; బస్సు తప్పిపోయినచో మన యింటి స్త్రీలతోపాటు భద్రమైన వసతి; కీడు జరిగినపుడు నిజము తేలువరకు నింద మోపకుండు నోర్మి. వీని కెట్టి సర్కారు ఉత్తరువును అక్కరలేదు. గ్రామమున పెద్దలనిపించుకొనువారు తొలుత నాచరించి చూపినచో తక్కినవారు ననుసరింతురు.

మన బిడ్డకు టీకా వేయు చేయి వణకకుండవలెనన్న, ఆ చేతివెనుక నున్న మనస్సు కుదుటబడియుండవలెను. ఈసారి నర్సమ్మ మీ గడప త్రొక్కినపుడు, ఆమె ప్రశ్నలకు బదులు చెప్పిన పిమ్మట, మీరును ఆమె నొక ప్రశ్న యడుగుడు. ఆమె బదులు చెప్పువరకు నిలిచి వినుడు.