వలస కూలీని దవాఖానలో చిరునామా అడగొద్దు

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. నలుగురిది జార్ఖండ్, ఇద్దరిది ఉత్తరప్రదేశ్, ఒకరిది పంజాబ్, ఇంకొకరిది జమ్మూకశ్మీర్. వారాల తరబడి వెతికితే ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఆ సొరంగం దేనికో ఒకసారి గుర్తు చేసుకోవాలి. శ్రీశైలం దగ్గరి కృష్ణా నీళ్లు నల్గొండ మెట్టకు తరలించడానికి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మర్రిగూడ, మునుగోడు వైపు తరతరాలుగా ఎముకలు వంగిపోయిన జనానికి మంచి నీళ్లు, పొలాలకు సాగునీళ్లు అందించడానికి. పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా కొండల కింద, నల్గొండ జనం కోసం, ఎక్కడి నుంచో వచ్చిన మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి మనిషికి బతికుండగా జ్వరమొస్తే మన దవాఖానలో అతనికి ఏ హక్కు ఉంది? సూటిగా జవాబు చెప్పగల అధికారి కనిపించడు.

పాలమూరుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లకు పిల్లల్ని అప్పజెప్పి, దేశంలో ఆనకట్ట కట్టే చోటికల్లా వెళ్లిన జిల్లా ఇది. ముంబైలో కామాటిపురా అన్న పేరే తెలుగు కూలీలైన కామాటీల వల్ల వచ్చింది. నారాయణపేట, కోస్గి, మక్తల్ పల్లెల్లో ముంబై, పుణె తెలియని ఇల్లు అరుదు. అక్కడ జబ్బు పడితే బలం ఉన్నంతవరకు ఓర్చుకోవడం, లేనప్పుడు బస్సెక్కి ఊరికి రావడం. ఈలోగా జబ్బు ముదిరేది.

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. పేదరికం చూసి ఎంచుకున్న జిల్లాలివి. మూడూ వలస జిల్లాలే. ఎన్నో ప్రాణాలు కాపాడిన పథకమది, ఆ గొప్పతనాన్ని కాదనలేం. కానీ ఆ కార్డు రాష్ట్ర సరిహద్దు దాకానే పనికొచ్చేది. ఎవరి పేదరికం చూసి పథకం పెట్టారో వాళ్లలో ఎందరో ఏడాదిలో సగం రోజులు ఆ సరిహద్దు అవతలే ఉండేవాళ్లు.

ఇప్పుడు వలస రెండు వైపులా సాగుతోంది. పాలమూరు మనుషులు ఇంకా బయటికి పోతూనే ఉన్నారు. అదే సమయంలో బలంగీర్, నువాపడా నుంచి ఒడియా కుటుంబాలు ఇక్కడి ఇటుక బట్టీలకు, బిహార్ హమాలీలు మిర్యాలగూడ రైస్ మిల్లులకు వస్తున్నారు. వరినాట్లకూ ఉత్తరాది నుంచి ముఠాలు దిగుతున్నాయి. 2020 మేలో, లాక్‌డౌన్ నడుమ, మిల్లుల్లో బస్తాలు ఎత్తే మనుషులు లేకపోతే బిహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి ప్రత్యేక రైలు వేయించి పిలిపించుకున్నాం. స్టేషన్లో పూలిచ్చి స్వాగతం చెప్పాం. వాళ్లు లేకపోతే ధాన్యం కదలదని అప్పుడే ఒప్పుకున్నాం.

బట్టీ దగ్గర జబ్బు ఎలా నడుస్తుందో చూడాలి. కుటుంబం అడ్వాన్సు తీసుకుని చలికాలం మొదట్లో దిగుతుంది, వానలకు ముందు వెళ్తుంది. మధ్యలో చేతికొచ్చేది వారానికి తిండి ఖర్చులే. లెక్క తేలేది సీజన్ చివర్లో. కాబట్టి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే చేతిలో డబ్బుండదు. యజమానినో మేస్త్రీనో అడగాలి, ఆ రూపాయలు అప్పులో కలుస్తాయి. దగ్గర్లో దొరికేది ఆర్‌ఎంపీ డాక్టరు, ఒక ఇంజెక్షను. ప్రభుత్వ దవాఖానకు పోతే ఆ పూట ఇటుకలు ఆగిపోతాయి, పోయినా భాష రాదు. గర్భిణి అయితే నాలుగో నెలలో వచ్చి తొమ్మిదో నెల దాకా ఇక్కడే ఉండొచ్చు. ఆమె పేరు ఊరి ఏఎన్‌ఎం రిజిస్టర్లో ఉండదు, సొంతూరి రిజిస్టర్లో ఉన్నా అక్కడ మనిషి లేదు. రక్తం తక్కువగా ఉందని చెప్పేవాళ్లు లేకుండానే కాన్పు దగ్గర పడుతుంది.

ఆయుష్మాన్ భారత్ కార్డు దేశమంతా చెల్లుతుంది కదా అంటారు. తెలంగాణ అందులో 2021లో చేరింది. ఒడిశా 2025లో గానీ చేరలేదు. అయినా అది ఆసుపత్రిలో చేరినవాళ్లకే. జ్వరం, దగ్గు, గర్భిణి పరీక్ష, చేతికి తగిలిన గాయం దాని కిందికి రావు. బట్టీ మనిషికి రోజూ కావలసినవి అవే.

మనకు చేతకాక ఇలా జరగడం లేదు. పల్స్ పోలియో రోజుల్లో ఆరోగ్య సిబ్బంది బట్టీలకూ గుడారాలకూ చుక్కలు మోసుకెళ్లారు, ఎవరి బిడ్డ అని అడగలేదు. టీబీ రోగికి ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్లో నంబరు ఉంటుంది. ఏ జిల్లాకు మారినా మందు అక్కడ ఇప్పించవచ్చు. రేషన్ బియ్యమూ కార్డుతో పాటు రాష్ట్రాలు దాటుతోంది. అంటే దారి తెలుసు. కానీ వైద్యం విషయంలో మనకు అంటుకునే జబ్బుకు మాత్రమే ఆ దారిలో నడిచాం. గర్భిణి రక్తహీనత, క్వారీ కార్మికుడి ఊపిరితిత్తుల్లో చేరిన రాతి దుమ్ము, హమాలీ వెన్నునొప్పి పక్కవాడికి అంటవు. అందుకే వాటిని చూసే నాథుడు లేడు. మన భయం తీర్చుకోవడానికి ఇచ్చిన మందును హక్కు అనలేం.

చట్టం దగ్గర సందేహానికి తావు లేదు. రాజ్యాంగం 21వ అధికరణ ప్రాణరక్షణను పౌరులకే పరిమితం చేయలేదు, ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. 1992లో బెంగాల్లో రైలు నుంచి పడిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి మంచాలు లేవని తిప్పి పంపాయి. సకాలంలో వైద్యం చేయకపోవడం 21వ అధికరణను ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది, పరిహారం ఇప్పించింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే ఉచిత వైద్య సదుపాయం కాంట్రాక్టరు బాధ్యత అని చెప్పింది. ఐదుగురు ఉన్న చోటల్లా అది వర్తించేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. చిన్న ముఠాలకు ఇది నష్టం. స్పెయిన్ 2012లో పత్రాలు లేని వలసదారులకు మామూలు వైద్యం ఆపేసి, 2018లో తిరిగి ఇచ్చింది. అక్కడ పత్రాలు లేనివాళ్ల సంగతే అది; మన కూలీకి ఆధార్ ఉంది, ఓటు ఉంది, దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు ఉంది. అయినా అతణ్ణి పరాయివాడిలా చూస్తున్నాం.

మనవాళ్లకే డాక్టర్లు చాలనప్పుడు బయటివాళ్లకెక్కడ అనేవాళ్ల బాధ నిజమే. పీహెచ్‌సీల్లో ఖాళీలు నింపాలి, అది వేరే పోరాటం. కానీ ఆ కొరతను ఎదుటివాడి మీద రుద్దితే రేపు పుణెలో పాలమూరు మేస్త్రీకి అదే మాట వినిపిస్తుంది. పైగా ఇది పెద్ద ఖర్చు కాదు. బట్టీలెక్కడున్నాయో, మనుషులు ఎప్పుడొస్తారో అధికారులకు తెలుసు. బట్టీల దగ్గర పిల్లలకు ఒడియాలో బడి నడిపిన అనుభవమూ ఈ రాష్ట్రానికి ఉంది. వారానికోసారి ఏఎన్‌ఎం బట్టీకి, మిల్లుకు వెళ్లాలి. కూలీల్లోంచే ఒడియా, హిందీ తెలిసిన ఒక మహిళను ఆశాకు తోడుగా పెట్టుకోవాలి. గర్భిణి ఎక్కడుంటే అక్కడి రిజిస్టర్లో ఆమె పేరు ఎక్కాలి. ఇక్కడ పనిచేస్తున్నన్నాళ్లు ఆరోగ్యశ్రీ వాళ్లకూ వర్తించాలి, దాని ఖర్చులో యజమానులు వాటా మోయాలి. ఆరోగ్యశ్రీ మార్పుకు మంత్రివర్గ నిర్ణయం కావాలి. మిగతావాటికి కలెక్టర్ల ఉత్తర్వు చాలు. వచ్చే సీజన్లో బట్టీలు రాజుకోకముందే పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లు ఆ ఉత్తర్వు ఇవ్వాలి.