కంటి చుక్కలు మరచి క్యాప్సూళ్ళు మ్రింగుట

గత సంవత్సరం మా దాదీ కుడికంటికి శుక్లం తీసివేసి కృత్రిమ కటకం అమర్చినారు. మూడవనాడే బంధువొకరు "చూపుకు బలం" అంటూ క్యాప్సూళ్ళ సీసా తెచ్చి ఇచ్చినారు. దాని వెల ఆమె నెల పింఛనులో సగానికి మించి ఉన్నది. ఆమె వాటిని భక్తితో మ్రింగినది; వైద్యులు వ్రాసిన చుక్కలను మాత్రం తోచినప్పుడే వేసుకొన్నది. వారం తిరుగకముందే కన్ను ఎర్రబారినది. చివాట్లు మాకు దక్కినవి, న్యాయంగానే.

శుక్లమనగా కంటిలోని కటకం మసకబారుట. దానిని తొలగించి పెట్టిన కృత్రిమ కటకానికి విటమినులతో పని లేదు. కొందరికి నెలలకో, సంవత్సరాలకో ఆ కటకం వెనుకనున్న పలుచని పొర మసకబారును. "శుక్లం మళ్ళీ వచ్చింది" అని జనం భయపడుదురు. దానికి కొద్ది నిమిషాల లేజరు చికిత్స ఉన్నదే గాని మాత్ర లేదు.

అయితే ఈ క్యాప్సూళ్ళు కేవలం బూటకమా? అదియును కాదు. అమెరికా జాతీయ నేత్ర సంస్థ 2001లో ప్రకటించిన పరిశోధనలో, వార్ధక్యంలో రెటీనా మధ్యభాగం క్షీణించే వ్యాధి నడిమి దశలో ఉన్నవారికి విటమిను సి, ఇ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపిన మాత్రలు వ్యాధి ముదిరే అవకాశాన్ని సుమారు 25 శాతం తగ్గించినవి. శుక్లంపై మాత్రం ప్రభావమేమియు కనబడలేదు. పొగత్రాగువారికి బీటా కెరోటిన్ వలన ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు హెచ్చునని తెలిసినందున, 2013 నాటి రెండవ పరిశోధన దాని స్థానంలో ల్యూటిన్, జియాక్సాంథిన్‌లను సూచించినది. కనుక రెటీనాను పరీక్షించిన వైద్యుడు వ్రాసినచో మ్రింగవలసినదే. అంగడివాడు రెటీనాను చూడలేడు గదా! ఆ ల్యూటిన్ మన పాలకూరలోనూ, గుడ్డు పచ్చసొనలోనూ ఉన్నది.

దాదీని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. సీసాపై పెద్ద కన్ను బొమ్మ ఉన్నది. చుక్కల చీటీ ఇంగ్లీషులో ఉన్నది; ఆమె చదువగలిగినది ఉర్దూ ఒక్కటే. ఇంటినిండా చదువుకొన్న మేము ఆ చీటీని ఆమెకు ఒక్కసారియైనా చదివి వినిపించలేదు. ఏ చుక్క, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు అని వ్రాసుకొనుటకు వీలుగా ఖాళీ గడులతో ఒక పట్టికను ఉర్దూ, తెలుగులలో అచ్చువేయించి విద్యార్థుల ద్వారా ఇండ్లకు పంపవలసినదిగా కళాశాల కమిటీని కోరుచున్నాను. ఖర్చు ఒక సీసా వెలకు మించదు.

వచ్చే మాసం దాదీ ఎడమకంటికి శస్త్రచికిత్స. ఆమె పట్టికను పెద్ద అక్షరాలతో నేనే వ్రాసి మంచం ప్రక్క గోడకు అంటించినాను.