శర్కర నుంచి షుగర్ దాకా

ఈ సంచిక వంటింటి మాటల మీద. చెరుకుపల్లిలో కిరాణా కొట్టుకు వెళ్లినవాళ్లు అడిగేది పంచదారే. షుగర్ అన్న మాట వినపడేది ఎక్కువగా డాక్టరు దగ్గర, రక్తపరీక్ష కాగితం చేతిలో ఉన్నప్పుడు. "ఆయనకు షుగరు" అంటే మనకు జబ్బే.

అయితే ఆ ఇంగ్లిషు మాట పుట్టిల్లు మన దేశమే. సంస్కృతంలో శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుక పలుకు. చిటికెడు పంచదార అరచేతిలో వేసుకుని రుద్దితే ఆ పేరెందుకు వచ్చిందో వేలికే తెలుస్తుంది. చెరుకు రసాన్ని కాచి పలుకు కట్టించడం మనవాళ్ల విద్య. కౌటిల్యుని అర్థశాస్త్రం బెల్లాన్ని, ఖండాన్ని, శర్కరను వేర్వేరుగా చెప్పింది. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ ఈ పని నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్నే పంపాడు. పడమటికి సరుకుతోపాటు పేరూ వెళ్లింది. పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులో షుగర్. మన చక్కెర కూడా ఆ శర్కరే. ఖండం క్యాండీ అయింది. బెల్లానికి ఇంగ్లిషులో వాడే జాగరీ పోర్చుగీసుల నోట ఇక్కణ్ణుంచే వెళ్లింది.

నా దిగులంతా బెల్లం మాటల గురించి. గానుగ, పెనం, తెట్టు, పాకం, అచ్చు... వండేవాళ్లు తగ్గేకొద్దీ ఇవీ జారిపోతున్నాయి. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు బెల్లం వండిన పెద్దలు మీ ఇంట ఉంటే, వాళ్లనడిగి ఆ మాటలు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.